సముద్రం లేని ఊళ్ళో పడవల పిల్లవాడు

మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సంచికకు ఎవరైనా ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం గురించి రాసిమ్మని సంపాదకవర్గంలోని మిత్రులు అడిగారు. మనవాళ్ళలో గొప్పవాళ్ళకు కొదవలేదు. వాళ్ళ గురించి నాకంటే బాగా రాయగల పెద్దలు ఈ సంచికలోనే ఉన్నారు. నేను ఈ బడిలో చదువుకుని, వేరే ఊళ్ళలో సోషల్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. అందుకని పాఠ్యపుస్తకాలు నాలుగు వాక్యాలతో సరిపెట్టే ఒక చక్రవర్తిని ఎంచుకున్నాను. ఆయన రష్యా చక్రవర్తి పీటర్ ది గ్రేట్.

ప్రభువుల గడ్డాలు గీయించినవాడు, సెయింట్ పీటర్స్‌బర్గ్ నగరం కట్టించినవాడు, స్వీడన్‌ను ఓడించినవాడు అని పరీక్షల కోసం చదువుకున్నాం, చదివించాం. పరీక్షలో రాని సంగతి ఒకటుంది. పదహారో ఏట పట్టుకున్న పడవల సరదా ఆయన్ని చివరిదాకా వదల్లేదు. పడవలు స్వయంగా చెక్కాడు, స్వయంగా నడిపాడు. ఆ సరదా ఎలా పుట్టింది, దాన్ని ఎవరు పెంచారు, అదే సరదాను ఆయన ఇతరుల నెత్తిన రుద్దబోయినప్పుడు ఏమైంది అన్నది పిల్లలకు చదువు చెప్పే మనకూ, పిల్లల్ని పెంచే మనకూ పనికొచ్చే కథ.

ఇంకో కారణం కూడా ఉంది. మన తిరువూరుకి సముద్రం లేదు. బందరు తీరం వంద కిలోమీటర్లకు పైనే. వర్షాకాలంలో వీధి కాలవల్లో కాగితం పడవలు, కట్టలేరుకి వరదొస్తే వంతెన దగ్గర నిలబడి చూడటం, మన తరం పిల్లలకు నీటితో ఉన్న సంబంధం దాదాపు అంతే. పీటర్ పుట్టిన మాస్కో పరిస్థితి అంతకంటే కష్టం. ఆ రోజుల్లో యూరప్‌తో సముద్ర వ్యాపారానికి రష్యాకు ఉన్న ఓడరేవు ఒక్కటే, ఆర్ఖంగెల్స్క్. అది మాస్కోకి దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో, ఏడాదిలో చాలా నెలలు గడ్డకట్టి ఉండే తెల్ల సముద్రం ఒడ్డున ఉంది. అలాంటి చోట పుట్టిన కుర్రాడికి పడవల పిచ్చి పట్టడమే వింత.

కొట్టుగదిలో దొరికిన పాత పడవ

పీటర్ 1672లో పుట్టాడు. నాలుగేళ్ళు నిండకముందే తండ్రి అలెక్సీ చనిపోయాడు. 1682లో, పదేళ్ళ వయసులో, సింహాసనం కోసం జరిగిన గొడవల్లో స్ట్రెల్ట్సీ అనే సైనికులు కోటలోకి చొరబడి తన తల్లి తరఫు బంధువులను చంపుతుంటే కళ్ళారా చూశాడు. ఆ తర్వాత సవతి అన్న ఇవాన్‌నూ ఇతన్నీ జంట రాజులుగా కూర్చోబెట్టి, సవతి అక్క సోఫియా పరిపాలనను తన చేతుల్లోకి తీసుకుంది. తల్లి నటాల్యా కొడుకును వెంటబెట్టుకుని మాస్కో శివార్లలోని ప్రెయోబ్రజెన్‌స్కొయె గ్రామంలో కాలం గడిపింది.

చదువు అంతంతమాత్రంగానే సాగింది. నికితా జోటొవ్ అనే గుమాస్తా అక్షరాలూ ప్రార్థనలూ నేర్పాడు. పెద్దవాడైన తర్వాత కూడా పీటర్ రాతలో అక్షరదోషాలు పోలేదు. కానీ చేతిపనులంటే చెవి కోసుకునేవాడు. వడ్రంగం, రాతిపని, కమ్మరం, ఏదైనా సరే దగ్గర కూర్చుని నేర్చుకునేవాడు.

ఒకసారి ఫ్రాన్స్ వెళ్ళివచ్చిన ఒక ప్రభువు ఆస్ట్రోలేబ్ అనే పరికరం తెచ్చిచ్చాడు. దూరాలూ కోణాలూ కొలిచే ఆ పరికరాన్ని వాడటం ఆస్థానంలో ఎవరికీ తెలియదు. చివరికి మాస్కోలో విదేశీయులుండే పేటలో ఫ్రాంజ్ టిమ్మర్‌మన్ అనే డచ్చి వర్తకుడు దొరికాడు. పరికరం వాడాలంటే ముందు లెక్కలూ జామెట్రీ రావాలన్నాడు. అలా పదహారేళ్ళ రాజు కూడికలు, తీసివేతల దగ్గర నుంచి మొదలుపెట్టి లెక్కలు నేర్చుకున్నాడు. అవసరం ముందు పుట్టింది, పాఠం తర్వాత వచ్చింది. క్లాసులో ఇది తిరగేసి జరగడం వల్లే మన కష్టాలన్నీ అని నాకు చాలాసార్లు అనిపించేది.

1688 జూన్‌లో పీటర్, టిమ్మర్‌మన్ ఇద్దరూ ఇజ్మైలొవొ అనే రాజకుటుంబపు ఎస్టేటులో తిరుగుతున్నారు. అక్కడి కొట్టుగదుల్లో పీటర్ తాత వరస బంధువు నికితా రొమనోవ్ తాలూకు పాత సామాను పడి ఉంది. ఆ చెత్తలో ఒక చిన్న పడవ కనిపించింది. రష్యన్ నదుల మీద తిరిగే పడవలకు అడుగు చదునుగా ఉండేది. దీని ఆకారం వేరు. ఇదేమిటని అడిగితే ఇంగ్లీషు తరహా పడవ అని, తెరచాప కడితే ఎదురుగాలికి కూడా వెళుతుందని టిమ్మర్‌మన్ చెప్పాడు.

కుర్రాడిని పట్టేసింది ఆ ఒక్క మాటే. బెజవాడ, ఏలూరు కాలవల మీద పడవలు చూసిన పెద్దలకు ఇందులోని ఆశ్చర్యం తెలుస్తుంది. గాలి వాలుగా ఉంటే చాప ఎత్తేవాళ్ళు. ఎదురు తిరిగితే చాప దించి, గట్టు మీద నడుస్తూ తాళ్ళతో లాగేవాళ్ళు. ఎదురుగాలిని కూడా వాడుకోవచ్చంటే ఎవరు నమ్ముతారు? నిజానికి ఏ పడవా గాలికి నేరుగా ఎదురెళ్ళదు. కాసేపు కుడి పక్కకి ఏటవాలుగా, కాసేపు ఎడమ పక్కకి ఏటవాలుగా, పాము నడకలాగా పోతుంది. గాలి పక్కకు నెట్టకుండా పడవ అడుగున ఉండే దూలం నీటిని పట్టుకుని ఉంటుంది. ఆ దూలం ఉండబట్టే ఆ పాత పడవ ఆకారం పీటర్‌కి కొత్తగా కనిపించింది.

ఏరు చాలలేదు, చెరువు చాలలేదు

పడవను బాగుచేసేవాళ్ళు ఎవరున్నారని వెతికితే కార్‌స్టెన్ బ్రాంట్ అనే ముసలి డచ్చి వడ్రంగి దొరికాడు. పీటర్ తండ్రి కాలంలో ఓర్యోల్ అనే ఓడ కట్టడానికి రష్యా వచ్చినవాడు. ఆ ప్రయత్నం ముందుకు సాగలేదు. మాస్కోలో చిల్లర వడ్రంగం చేసుకుంటూ ఉండిపోయాడు. ఆయన పాత పడవకు అతుకులు వేసి, స్తంభం నిలబెట్టి, చాప కట్టి, యౌజా ఏటిలో కుర్రాడి ఎదురుగా ఇటూ అటూ నడిపి చూపించాడు. పీటర్ ఎక్కి చుక్కాని పట్టుకున్నాడు. ఆ క్షణం నుంచి ఆయన ఆ ముసలాయనకు శిష్యుడు.

ఏరు ఇరుకు. పడవ ఒడ్డుకు కొట్టుకునేది. ఇజ్మైలొవొ దగ్గరి చెరువుకు తీసుకెళ్ళారు. అదీ చాలలేదు. పెద్ద నీళ్ళు ఎక్కడున్నాయని విచారిస్తే మాస్కోకి ఈశాన్యంగా, సుమారు 140 కిలోమీటర్ల దూరంలో, పెరెస్లావ్‌ల్ పట్నం పక్కన ప్లెషెయెవొ సరస్సు ఉందన్నారు. దాని పొడవు తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు. తల్లి ఒప్పుకోదని తెలిసి, ట్రోయిట్సా మఠానికి మొక్కు తీర్చుకోవడానికి వెళుతున్నానని చెప్పి, మఠం నుంచి అటే సరస్సుకు వెళ్ళిపోయాడు. సినిమాకి వెళ్ళడానికి గుడి పేరు చెప్పిన పిల్లలు ప్రతి తరంలోనూ ఉంటారు!

పెళ్ళి చేస్తే కుదురుతాడని తల్లి అనుకుంది. 1689 జనవరిలో యెవ్‌డోకియా లొపుఖినాతో పెళ్ళి చేసింది. మూడు నెలలు తిరక్కుండానే సరస్సు మీద మంచు కరుగుతోందని తెలిసి కొత్త పెళ్ళికొడుకు మళ్ళీ బ్రాంట్ దగ్గరికి పరుగెత్తాడు. అక్కడి నుంచి తల్లికి ఉత్తరాలు రాసేవాడు. క్షేమసమాచారాలు రెండు ముక్కలు, పడవలకు తాళ్ళు త్వరగా పంపించమని మిగతాది.

ఆ ఏడాదే సోఫియా అధికారం పోయింది. పీటర్‌కు ఇష్టమైతే సింహాసనం మీద కూర్చుని పాలించవచ్చు. ఆయన రాజ్యాన్ని తల్లికీ బంధువులకూ వదిలేసి పడవల పనిలో పడ్డాడు. 1692 వేసవి నాటికి సరస్సు మీద ఒక బుల్లి నౌకాదళమే తయారైంది. తల్లినీ భార్యనూ ఆస్థానాన్నీ తీసుకొచ్చి చూపించాడు. అందులో ఫార్చూనా అనే పడవ ఇప్పటికీ ఆ సరస్సు ఒడ్డున మ్యూజియంలో ఉంది. మిగతావి 1783లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి.

సరస్సు కూడా చాలలేదని వేరే చెప్పనక్కర్లేదు. 1693లో ఆర్ఖంగెల్స్క్ వెళ్ళి, 21 ఏళ్ళ వయసులో మొదటిసారి సముద్రం చూశాడు. మరుసటి ఏడాది సొలొవెట్స్కీ దీవులకు వెళుతుంటే తుఫాను ముంచుకొచ్చింది. ఓడలో అందరూ ఆశ వదులుకుని ప్రార్థనలు మొదలుపెట్టారు. అంటిప్ టిమొఫెయెవ్ అనే స్థానిక సరంగు చుక్కాని పట్టి, రాళ్ళ మధ్య నుంచి ఓడను ఒడ్డుకు చేర్చాడు. బయటపడ్డాక పీటర్ తన చేతులతో ఒక పెద్ద చెక్క శిలువ చెక్కి ఆ ఒడ్డున పాతాడు.

వడ్రంగి పీటర్

1695లో టర్కీ చేతిలో ఉన్న అజోవ్ కోటను ముట్టడించి ఓడిపోయాడు. కోటకు సముద్రం మీదుగా తిండీ మందుగుండూ అందుతుంటే నేల మీద నుంచి ఎంత ముట్టడించినా లాభం లేకపోయింది. ఆ చలికాలంలో వొరొనెజ్‌లో డాన్ నదికి అందేలా ఓడల కార్ఖానా పెట్టి, తానూ గొడ్డలి పట్టి పనిచేశాడు. 1696లో అజోవ్ లొంగిపోయింది. సరస్సు మీద ఆడిన ఆట రాజ్యానికి అక్కరకొచ్చిన మొదటి సందర్భం అది.

ఆ మరుసటి ఏడాది రష్యా రాజులెవరూ చేయని పని చేశాడు. పెద్ద రాయబార బృందంలో ప్యోటర్ మిఖాయిలోవ్ అనే మారుపేరుతో, మామూలు మనిషిగా, పశ్చిమ యూరప్ బయలుదేరాడు. అప్పుడు ఆయన ఉత్తరాల మీద వేసుకున్న ముద్రలో తాను గురువుల కోసం వెతుక్కుంటున్న విద్యార్థినని చెప్పుకున్నాడు. 1697 ఆగస్టులో హాలండ్‌లోని జాండామ్ చేరి, తనకు తెలిసిన ఒక కమ్మరి ఇంట్లో దిగాడు. ఆ చిన్న చెక్క ఇల్లు ఇప్పటికీ ఉంది. ఆరున్నర అడుగులు మించిన మనిషి మారుపేరు పెట్టుకుంటే దాగుతాడా? జనం మూగారు. వారం రోజుల్లో అక్కడి నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళిపోయాడు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయన పనికి చేరింది డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడల కార్ఖానాలో. ఈ కంపెనీ మన ఉమ్మడి కృష్ణా జిల్లా వాళ్ళకు కొత్త కాదు. పదిహేడో శతాబ్దం మొదట్లోనే బందరులో వాళ్ళ వ్యాపార కేంద్రం వెలిసింది. డచ్చివాళ్ళను మనవాళ్ళు వలందులన్నారు. బందరులో వలందపాలెం పేరు ఈనాటికీ అలాగే ఉంది. మన తీరం నుంచి అద్దకం బట్టలు ఎక్కించుకుపోయిన కంపెనీ కార్ఖానాలో ఒక చక్రవర్తి గెరిట్ పోల్ అనే మేస్త్రీ కింద నాలుగు నెలలకు పైగా పనిచేశాడు. దూలాలు మోశాడు, బాడిస పట్టాడు. ఆయన చేయిపడిన పీటర్ అండ్ పాల్ అనే ఓడ తర్వాత తూర్పు దేశాలకు ప్రయాణించింది. పని నేర్చాడని మేస్త్రీ సర్టిఫికెట్ కూడా ఇచ్చాడు.

సర్టిఫికెట్ చేతికొచ్చినా ఆయనకు తృప్తి కలగలేదు. డచ్చి మేస్త్రీలు అనుభవంతో ఓడ కట్టేవాళ్ళు. ఈ వంపు ఇంతే ఎందుకుండాలని అడిగితే లెక్క వేసి, బొమ్మ గీసి చెప్పలేకపోయేవాళ్ళు. ఇంగ్లండ్‌లో అయితే డ్రాయింగుల ప్రకారం కడతారని తెలిసి 1698 జనవరిలో అక్కడికి బయలుదేరాడు. లండన్ పక్కన డెప్ట్‌ఫర్డ్‌లో ఓడల కార్ఖానాను ఆనుకుని జాన్ ఎవిలిన్ అనే రచయిత ఇల్లుంటే అందులో దిగాడు. పగలు పని, రాత్రి తాగుడు. వెళ్ళేసరికి ఆ ఇల్లూ, ఎవిలిన్ ఏళ్ళ తరబడి పెంచుకున్న తోటా ధ్వంసమయ్యాయి. సెయింట్ పాల్స్ చర్చి కట్టిన క్రిస్టఫర్ రెన్ వచ్చి నష్టం అంచనా వేయాల్సివచ్చింది. మనం మెచ్చుకునే విద్యార్థి మంచి అద్దెదారుడు మాత్రం కాదు.

రష్యా తిరిగివచ్చాక కూడా పని మానలేదు. నౌకాదళంలో కింది మెట్టు నుంచి ఒక్కొక్క హోదా సంపాదించుకున్నాడు. ఓడల మేస్త్రీగా జీతం తీసుకున్నాడు. 1703 మే నెలలో నీవా నది ముఖద్వారంలో రెండు స్వీడిష్ ఓడలను చిన్న చిన్న పడవల్లో వెళ్ళి పట్టుకున్న సైనికుల్లో తానూ ఉన్నాడు. ఆ నెలలోనే అక్కడ సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు పునాది పడింది. ఆ బురద నేలలో నగరం లేపడానికి వెట్టి కూలీలుగా తోలుకొచ్చిన రైతులు వేలమంది చలికీ రోగాలకూ బలయ్యారన్నది ఇదే కథలోని రెండో వైపు. దాన్ని దాచి ఆయన్ని పొగిడితే చరిత్ర చెప్పినట్టు కాదు.

ఊరందరికీ పడవలు

కొత్త నగరంలో నీవా మీద వంతెన వేయనివ్వలేదు. జనం పడవలు నడపడం నేర్చుకోవాలన్నది ఆయన పట్టుదల. చిన్న పడవలు కట్టడానికి ప్రత్యేకంగా ఒక కార్ఖానా పెట్టించాడు. 1718లో నగరంలోని పెద్దలకూ ఉద్యోగులకూ పడవలు ఉచితంగా పంచిపెట్టాడు. షరతు ఒక్కటే. ఆదివారాల్లో జెండా ఎగరేసి సంకేతం ఇవ్వగానే అందరూ చాపలెత్తి నది మీదికి రావాలి. రానివాళ్ళకు జరిమానా. పడవ పాడైతే సొంత ఖర్చుతో బాగుచేయించుకోవాలి.

తనకు స్వర్గంలా ఉన్నది అందరికీ స్వర్గమేనని ఆయన నమ్మాడు. చుక్కాని పట్టి ముందు తాను వెళుతుంటే, వెనకాల మంత్రులూ ప్రభువులూ వణుకుతూ వచ్చేవాళ్ళు. ఆయన పోయిన రెండేళ్ళకు, 1727లో, నీవా మీద తేలే వంతెన పడింది.

బడులు కూడా పెట్టాడు. 1701లో మాస్కోలో గణిత, నౌకాయాన పాఠశాల తెరిచి, స్కాట్లండ్ నుంచి హెన్రీ ఫార్కర్‌సన్ అనే గణిత ఉపాధ్యాయుణ్ణి రప్పించాడు. మంచి నావికులూ సర్వేయర్లూ అందులోంచి వచ్చారు. తర్వాతి కాలంలో బేరింగ్‌తో పాటు అలాస్కా తీరం దాకా వెళ్ళిన చిరికోవ్ ఆ బడి పిల్లవాడే. కాని 1715లో నౌకా అకాడమీ పెట్టినప్పుడు రాయించిన నిబంధనల్లో ప్రతి తరగతి గదిలోనూ కొరడా పట్టుకుని ఒక మాజీ సైనికుడు నిలబడాలని ఉంది. దాని గురించి పాఠం చెప్పేటప్పుడల్లా నాకు ఇజ్మైలొవొ కొట్టుగది గుర్తుకొచ్చేది. అక్కడ పదహారేళ్ళ పీటర్ పక్కన కొరడా పట్టుకుని ఎవరూ లేరు. ప్రశ్న అడిగితే ఓపిగ్గా జవాబు చెప్పిన వర్తకుడు, చేసి చూపించిన ముసలి వడ్రంగి మాత్రమే ఉన్నారు.

కొడుకు

అన్నిటికంటే బాధ కలిగించే భాగం ఆయన కొడుకు అలెక్సీది. 1690లో పుట్టిన ఆ పిల్లవాడికి ఎనిమిదేళ్ళు వచ్చేసరికి తండ్రి అతని తల్లిని మఠానికి పంపించేశాడు. అలెక్సీకి పుస్తకాలంటే, ముఖ్యంగా మతగ్రంథాలంటే ఇష్టం. యుద్ధమన్నా ఓడలన్నా భయం, విసుగు. తండ్రి మాత్రం అతన్ని సైన్యానికీ, ఓడల కార్ఖానాలకూ, జర్మనీలో చదువులకూ పంపుతూనే ఉన్నాడు. జర్మనీ నుంచి తిరిగొచ్చాక డ్రాయింగు గీసి చూపించమంటాడన్న భయంతో, ఆ యువకుడు తన కుడి అరచేతిని పిస్తోలుతో కాల్చుకోబోయాడు. గుండు తప్పినా చెయ్యి కాలింది.

1716లో అలెక్సీ దేశం వదిలి ఆస్ట్రియాకు పారిపోయాడు. క్షమిస్తానని మాటిచ్చి వెనక్కి రప్పించారు. విచారణ జరిపారు, కొరడాలతో కొట్టించారు, మరణశిక్ష వేశారు. 1718 జూన్‌లో అతను పీటర్స్‌బర్గ్ కోటలోనే ప్రాణం విడిచాడు. నగర పెద్దలకు ఆదివారం షికారు పడవలు పంచిపెట్టిన సంవత్సరమూ అదే.

రాజకీయ కారణాలు చాలా ఉన్నాయి, ఇదంతా పడవల వల్లే జరిగిందనడం లేదు. అయినా, మొక్కు పేరు చెప్పి ఇంట్లోంచి పారిపోయి తనకు నచ్చిన పని వెతుక్కున్న కుర్రాడే తండ్రి అయ్యాక, తన కొడుక్కీ నచ్చినదేదో ఉంటుందని గుర్తించలేకపోయాడు.

తాతగారికి వందనం

చివరి రోజుల్లో పీటర్ ఆ పాత పడవను మాస్కో నుంచి పీటర్స్‌బర్గ్ తెప్పించాడు. రష్యా నౌకాదళానికి అది తాత అని పేరుపెట్టాడు. 1723 ఆగస్టులో క్రోన్‌స్టాట్ దగ్గర బాల్టిక్ నౌకాదళమంతా బారులు తీరి నిలబడింది. ఆ బుల్లి పడవలో పీటర్ చుక్కాని పట్టుకున్నాడు, అడ్మిరళ్ళు తెడ్లు వేశారు. పెద్ద పెద్ద యుద్ధనౌకలు ఫిరంగులు పేల్చి దానికి వందనం చేశాయి. అదే పడవ ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ నౌకా మ్యూజియంలో ఉంది.

పీటర్ 1725 జనవరిలో, అప్పటి రష్యా కేలండరు ప్రకారం 28వ తేదీన, మూత్రసంబంధమైన జబ్బుతో 52 ఏళ్ళ వయసులో చనిపోయాడు. మూడేళ్ళు గడిచేసరికి, అలెక్సీ కొడుకైన రెండో పీటర్ ఆస్థానాన్ని మళ్ళీ మాస్కోకి మార్చేశాడు. తాత కట్టించిన ఓడలు క్రోన్‌స్టాట్‌లో పట్టించుకునే నాథుడు లేక చాలావరకు పుచ్చిపోయాయి. తర్వాత వచ్చినవాళ్ళు ఆ నౌకాదళాన్ని మళ్ళీ నిలబెట్టుకోవాల్సివచ్చింది.

మన బడికి సంబంధించిన మాట

ఈ జీవితంలో నాకు అన్నిటికంటే గొప్పవాళ్ళుగా కనిపించేది టిమ్మర్‌మన్, బ్రాంట్. ఒకడు వర్తకుడు, మరొకడు పని దొరక్క మిగిలిపోయిన వడ్రంగి. ఇద్దరూ ఉపాధ్యాయ వృత్తిలోని వాళ్ళు కారు. ఒక పిల్లవాడు ఇదేమిటని అడిగినప్పుడు విసుక్కోకుండా చెప్పారు, చేసి చూపించారు, చుక్కాని అతని చేతికిచ్చి పక్కకు జరిగారు. బ్రాంట్ తన శిష్యుడు సముద్రం చూడకముందే కన్నుమూశాడని చరిత్ర చెబుతోంది. ఆయన వేసిన అతుకులు మాత్రం ఎక్కడిదాకా వెళ్ళాయో చూశాం.

మన బడి పిల్లల్లోనూ ఎవడో ఒకడు రేడియో విప్పి చూస్తుంటాడు, ఎవత్తో ఒకతె నోటు పుస్తకం చివరి పేజీల్లో బొమ్మలు గీస్తుంటుంది. ఈ స్వర్ణోత్సవం సందర్భంగా మన సంఘం భవనాలకూ బెంచీలకూ విరాళాలు పోగుచేస్తోంది, చాలా సంతోషం. వాటితో పాటు ఒక గది అడుగుతున్నాను. అందులో ఉలి, రంపం, వైరు ముక్కలు, రంగులు, పాత యంత్రాలు ఉండాలి. మనలో చేతిపని తెలిసినవాళ్ళు, మెకానిక్కులు, కుట్టుపనివాళ్ళు, రైతులు, రిటైరైన ఇంజనీర్లు నెలకొక శనివారం వచ్చి అక్కడ కూర్చోవాలి. మార్కులు, హాజరు, జరిమానా ఏవీ వద్దు. వచ్చిన పిల్లవాడు అడిగినదానికి జవాబు చెబితే చాలు. రానివాడికి వేరేచోట వేరే పడవ దొరుకుతుంది, వాణ్ణి వదిలేద్దాం.

మొదటి శనివారం నేను వస్తాను.